యాభై ఐదు నిమిషాల దూరం

మా ఊరి విమానాశ్రయానికీ కొండ అవతలి ఊరి విమానాశ్రయానికీ మధ్య దూరం ఎంత అని ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. మా కంపెనీ వెబ్‌సైట్లో దానికో జవాబు ఉంటుంది. పటం మీద స్కేలు పెట్టి గీత గీసి, ఈ చుక్క నుంచి ఆ చుక్కకి ఇన్ని కిలోమీటర్లు అని రాసేశారు. ఆ గీత మీద విమానం నడవదు. నడిస్తే నేరుగా వెళ్లి కొండకు గుద్దుకుంటుంది. సరస్సు మీదుగా చుట్టు తిరిగి, కొండ కొస దాటాక మలుపు తీసుకుని, అప్పుడు మా ఊళ్లో దిగాలి. దానికి పట్టే సమయమే అసలు దూరం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ దూరం యాభై ఐదు నిమిషాలు.

నా పని ఆ నిమిషాలు రాయడమే. ఏడాదికి రెండుసార్లు కొత్త టైంటేబుల్ వేస్తాం. విమానం ఎప్పుడు బయలుదేరుతుంది, ఎప్పుడు చేరుతుంది అన్న రెండు అంకెల మధ్య ఎంత తేడా ఉండాలో తేల్చే సెక్షన్లో నేనూ, ఒక కంప్యూటరూ, గోడ వెంబడి నీళ్లు కార్చుకునే ఏసీ ఒకటీ ఉంటాం. గడిచిన ఆరు నెలల్లో విమానాలు నిజంగా ఎంతసేపట్లో చేరాయో కంప్యూటర్ సగటు కడుతుంది. ఆ సగటే వచ్చే ఆరు నెలల టైము. నేను సరేనని ఒక బటన్ నొక్కుతాను. ఎవరి బుర్రా అరగకుండా చేసిన ఏర్పాటు.

ఆ దారిలో తిరిగే చిన్న విమానానికి కెప్టెన్ మా బావ. మా అక్క మొగుడు. కంపెనీలో అందరూ ఆయన్ని గడియారం అంటారు. ఆయన దిగాడంటే టైమైందని క్యాంటీన్ వాడు టీ పొయ్యి మీద పెట్టేవాడు. ఆ పేరంటే బావకు ఎంత ఇష్టమో చెప్పలేను. యూనిఫాం మీద చారల కంటే ఆ పేరునే ఎక్కువ మోసుకు తిరిగేవాడు.

మా ఇల్లు రన్‌వేకి దగ్గర. అక్కాబావా కింది వాటాలో, నేను పై గదిలో. భోజనం మాత్రం అక్క దగ్గరే, నా వంట నేనే తినలేను కాబట్టి. ఇంటి ముందు వసారా సరస్సు వైపుకి, వెనక వంటిల్లు కొండ వైపుకి ఉంటాయి. సాయంత్రం బావ విమానం సరస్సు మీదుగా వచ్చేటప్పుడు ముందు తలుపు గొళ్లెం టకటకమని కొట్టుకునేది. అది వినగానే అక్క పొయ్యి వెలిగించి కూర వేడి చేసేది. బావ విమానం ఆపి, సంతకాలు పెట్టి, స్కూటర్ మీద ఇంటికొచ్చేసరికి కంచం సిద్ధంగా ఉండేది. ఇన్నేళ్ల కాపురంలో అక్క గోడ గడియారం చూసి వంట చేసిన రోజు లేదు.

రెండేళ్ల కిందట, వేసవిలో ఒక సాయంత్రం గొళ్లెం కదల్లేదు. వంటింటి అరలో గిన్నెల మీద మూతలు గలగలమన్నాయి.

“మీ బావ ఇవాళ ఇటునుంచి వస్తున్నారేంటే?” అంది అక్క, చేతిలో గరిటె చేతిలోనే ఉండగా.

నేను వంటింటి కిటికీలోంచి చూశాను. మా కొండల వరసలో ఒకచోట పన్ను ఊడినట్టు సందు ఉంటుంది. కనుమ. అందులోంచి విమానం బయటపడి కిందికి దిగుతోంది.

“ముందే వచ్చానని సంతోషం లేదు, అటా ఇటా అని ఆరాలు ఒకటి,” అన్నాడు బావ ఇంటికొచ్చి, బూట్లు విప్పుకుంటూ. ఆకాశం తేటగా ఉన్న రోజు కళ్లతో చూసుకుంటూ కనుమలోంచి రావచ్చట. నిబంధనల్లోనే ఉందట. సరస్సు చుట్టూ తిరగక్కర్లేదు. అక్క మురిసిపోయింది. ఆ రాత్రి ఆయనకు రెండోసారి కూర వడ్డించింది.

వేసవంతా మూతలే మోగాయి. మిగతా కెప్టెన్లూ అదే దారి పట్టారు. వేసవి అయ్యాక కంప్యూటర్ సగటు కట్టి యాభై అని చూపించింది. నేను బటన్ నొక్కాను. అందులో అబద్ధమేమీ లేదు కదా.

కానీ ఒకసారి యాభై అని రాశాక, సరస్సు చుట్టూ తిరిగినవాడు ఆలస్యమైనట్టే. ఆలస్యమైతే మాటలు పడడంతో పోదు. అవతలి ఊరి రన్‌వేకి దీపాలు లేవు. రోజుకి రెండుసార్లు వెళ్లి రెండుసార్లు రావాలి. పగలు ఆలస్యాలు పోగుపడితే పొద్దుగుంకేలోగా అక్కణ్నుంచి లేవడం కుదరదు. చివరి విమానం రద్దవుతుంది, జనం అక్కడే పడి ఉంటారు, పైలట్లు ఆ ఊరి సత్రంలాంటి హోటల్లో దోమలకు ఒళ్లప్పగిస్తారు. అందుకని అందరూ కనుమలోంచే వచ్చారు. మొదట్లో బాగా ఎత్తుకు ఎక్కి కనుమ దాటేవాళ్లు. తర్వాత అంత ఎత్తు ఎక్కి మళ్లీ దిగడం దండగ అనిపించింది. మరుసటి టైంటేబుల్లో నలభై ఆరు. దాని తర్వాత, మొన్న వానాకాలం మొదట్లో, నలభై రెండు.

నలభై రెండు అని తెరమీద చూసిన రోజున నా వేలు బటన్ దాకా వెళ్లి ఆగింది. కొండలు దగ్గరికి జరిగాయా ఏమిటి? ఆ మధ్యాహ్నం టీ కూడా తాగకుండా ఆ సగటు ఎలా వచ్చిందో తవ్వి చూశాను.

విమానం ఆలస్యమైతే కెప్టెన్ కారణం రాయాలి. మబ్బు, గాలి, సామాను, ఏదో ఒకటి. కారణం రాసి ఉన్న ప్రయాణాన్ని కంప్యూటర్ మామూలుది కాదని పక్కన పెట్టేస్తుంది. సగటులో కలపదు. ముందే వచ్చిన విమానాన్ని మాత్రం ఎందుకు ముందొచ్చావని ఎవరూ అడగరు. అది దర్జాగా సగటులోకి వెళ్లి కూర్చుంటుంది. మబ్బు పట్టిన రోజులన్నీ బయటికి పోయాయి, ఎండ కాసిన రోజులు లోపలున్నాయి. ఆ ఎండరోజుల అంకెను ఇప్పుడు వానాకాలానికి రాస్తున్నాం.

ఆ కాగితాలు పట్టుకుని సున్నాగారి దగ్గరికి వెళ్లాను. మా మేనేజర్‌కి ఆ పేరు మేమే పెట్టాం, ఆలస్యాలు సున్నా కావాలని పొద్దున్న లేస్తే అదే జపం చేస్తాడు కాబట్టి. గాజు గదిలో, ప్లాస్టిక్ మొక్క పక్కన కూర్చుని, నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

“మేడమ్, మనం ఏ పైలట్‌నైనా తొందరగా రమ్మన్నామా?”

“లేదండీ.”

“కనుమలోంచి రమ్మని ఎక్కడైనా రాశామా?”

“లేదు.”

“మరింకేంటి? వాళ్లంతట వాళ్లే వస్తున్నారు. వచ్చిన టైము మనం రాస్తున్నాం. నిజం రాస్తే తప్పా?”

“మనం రాసింది చూసి వాళ్లు వస్తున్నారండీ. వాళ్లు వచ్చింది చూసి మనం రాస్తున్నాం. ఇది ఎక్కడ ఆగుతుంది?”

“ఎక్కడో ఒకచోట ఆగుతుంది లెండి,” అని నవ్వాడు ఆయన. “విమానమే కదా, రాకెట్టా?”

“మబ్బు రోజుల్ని లెక్కలోంచి తీసేస్తోంది కంప్యూటర్.”

“ఆలస్యాలు మామూలు విషయం కాదు మేడమ్. మామూలు కానివాటిని కలిపితే టైంటేబుల్ ఎలా వేస్తాం?” అని, మొక్క ఆకు మీద దుమ్ము వేలితో తుడిచాడు. గోడకు చెప్పినా కొంత ప్రతిధ్వని వచ్చేది. నేను బటన్ నొక్కకపోతే ఆయనే నొక్కుకున్నాడు.

నాకు కావలసింది ఒక్కటే. అక్క పొయ్యి వెలిగించాక బావ ఇంటికి రావాలి. కంపెనీని నేను మార్చలేను, కంప్యూటర్ని అసలు మార్చలేను. బావనైనా మార్చుకుందామనుకున్నాను.

ఆ సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తుంటే బావ పైకి వచ్చాడు. కొండ వైపు మబ్బు సగం దాకా దిగి ఉంది. కనుమ ఎక్కడుందో తెలియడం లేదు.

“బావా, ఒక మాట చెప్తాను, కోప్పడకండి.”

“నీమీద కోప్పడితే మీ అక్క నాకు తిండి పెడుతుందా మరదలా? చెప్పు.”

“మబ్బున్న రోజున కనుమలోకి రాకండి. ఆలస్యమైతే అవనివ్వండి.”

ఆయన తీగ మీదున్న క్లిప్పులు ఒక్కొక్కటీ తీసి నా చేతికిచ్చాడు. “ఇన్నేళ్లలో నాకు మిగిలింది ఆ ఒక్క పేరేనే,” అన్నాడు చివరికి.

“పేరుంటుంది బావా. పిలిస్తే పలకడానికి మనిషి ఉండాలిగా.”

అప్పుడు చెప్పాడు. కనుమ మధ్యలో కొండ వాలు మీద ఎర్ర రేకుల ఇల్లొకటి ఉందట. ఆ రేకు కుడి రెక్క కిందికి రాగానే విమానం ఎడమకు తిప్పాలి. తిప్పకపోతే ఎదురుగా కొండే. ముందురోజు సరిగ్గా అక్కడికి వచ్చేసరికి మబ్బు కమ్మేసింది. రేకు కనపడలేదు. మనసులో లెక్కపెట్టుకుని తిప్పేశాడు.

“పక్క సీట్లో ఆ పిల్ల, పిడుగు, నా మొహమే చూస్తోంది. ఏం చెయ్యమంటావు, నవ్వాను. ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటుంటే అప్పుడు మొదలైంది వణుకు. సబ్బు మూడుసార్లు జారింది. మీ అక్కతో అనకు.”

నేను క్లిప్పులు పట్టుకుని పిట్టగోడ మీద కూర్చున్నాను. బావ నా తలమీద చెయ్యి వేసి, మబ్బుంటే ఇక సరస్సు దారేనని మాటిచ్చాడు.

పిడుగు అంటే బావ పక్కన కూర్చునే రెండో పైలట్. ఆ పేరు బావ పెట్టిందే. చలాకీ పిల్ల. మా ఇంటికి వచ్చిందంటే వంటింట్లో గట్టుమీద ఎక్కి కూర్చుని, అక్క వద్దంటున్నా గిన్నె మూత తీసి రుచి చూసేది. అక్కకు పిల్లల్లేరు. దీన్ని తిడుతూ తినిపించడం అక్కకు అలవాటైపోయింది. విమానం నడపడమంటే పిడుగుకి బావ ఏం చేస్తే అదే. ఆయన కూలింగ్ గ్లాసెస్ నెత్తిమీదికి తోసుకునే తీరు కూడా దింపేసింది.

బావ మాట నిలబెట్టుకున్నాడు. మబ్బు పట్టిన రోజున గొళ్లెం మోగింది, మూతలు మోగలేదు. నాకు ప్రాణం కుదుటపడింది. కానీ ఆ ఏడు మబ్బు విడిచిన రోజే తక్కువ. బావ వరసగా ఆలస్యమయ్యాడు. చివరి విమానం రెండుసార్లు రద్దయింది. అవతల చిక్కుకుపోయినవాళ్లు కౌంటర్ దగ్గర ఒంటికాలి మీద లేచారు. క్యాంటీన్లో గడియారానికి కీ ఇవ్వండిరా అని ఎవడో అన్నాడట, అందరూ నవ్వారట. అది విన్న రోజున బావ అన్నం సగంలో లేచిపోయాడు.

ఆయన ఆలస్యాలన్నిటికీ నిజాయితీగా మబ్బు అని కారణం రాశాడు. కంప్యూటర్ వాటన్నిటినీ నిజాయితీగా పక్కన పెట్టేసింది. నలభై రెండు నలభై రెండుగానే ఉంది. నెల తిరక్కుండా సున్నాగారు బావను పిలిచి, కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోండి, మీ పనితీరు పరిశీలించి పిలుస్తాం అన్నాడు.

అక్క నామీద అగ్గి మీద గుగ్గిలమైంది. డాబా మీద మాటలు ఆవిడకు ఎలాగో తెలిసిపోయాయి. “నీ మాట విని ఆయన పరువు గంగపాలైంది. ఎవరి మొహం చూడలేక గదిలో పడుకుంటున్నారు. నీకు చల్లగా ఉందా ఇప్పుడు?” అంది.

చల్లగానే ఉంది. అబద్ధం చెప్పడమెందుకు. మొహం మాడ్చుకుని అక్క నా ముందు కంచం తోసిన ప్రతిసారీ, పక్క గదిలో బావ దగ్గు వినపడేది, అది వినపడినంతకాలం అక్క ఎంత తిట్టినా పడదామనుకున్నాను. ఆ సీటు ఖాళీగా ఉండదన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు.

వారం తర్వాత పిడుగు వచ్చి వంటింటి గట్టెక్కి కూర్చుంది. భుజం మీద కొత్త చార. బావ సీటు తనకే ఇచ్చారు. సంతోషం పట్టలేకపోతోంది, బావ ముందు పైకి చూపించడానికి సిగ్గుపడుతోంది.

“మీరు రాగానే మీ సీటు మీకిచ్చేస్తాను సర్. అప్పటిదాకా కాపలా,” అంది.

“మబ్బుంటే కనుమలోకి రాకు,” అన్నాడు బావ.

“మీ పక్కన కూర్చుని నేర్చుకున్నాను సర్, భయమేంటి? ఆ రోజు ఎర్ర రేకు కనపడకపోయినా మీరెలా తిప్పారో చూశానుగా. నవ్వుతూ తిప్పారు. నేనైతే గుండె జారిపోయి చచ్చేదాన్ని. మీ మొహం చూశాక, ఓహో, ఇది ఇంతేనన్నమాట అనుకున్నా.”

నేను బావ వైపు చూశాను. చెప్పండి బావా, సబ్బు జారిన సంగతి చెప్పండి అని కళ్లతోనే బతిమాలాను. గుమ్మంలో అక్క నిలబడి ఉంది. క్యాంటీన్లో నవ్వులపాలైన మనిషిని ఇంకా గురువుగా చూస్తున్న పిల్ల ఈ భూమ్మీద ఆ ఒక్కతే. బావ నోరు తెరిచాడు, నీళ్లు నమిలాడు, చివరికి “జాగ్రత్తమ్మా” అన్నాడు. అంతే అన్నాడు. పిడుగు గట్టు మీంచి దూకి, అక్క బుగ్గ గిల్లి వెళ్లిపోయింది.

ఆ తర్వాత సాయంత్రాలు మళ్లీ మూతలు మోగసాగాయి. మబ్బున్నా మోగాయి. బావ ఆ చప్పుడుకి మంచం మీద లేచి కూర్చుని, అది పోయేదాకా కూర్చునే ఉండేవాడు. రెండుసార్లు పిడుగుకి ఫోన్ చేసి మళ్లీ జాగ్రత్తలు చెప్పాడు. సరే సర్, సరే సర్ అంది. ఒకరోజు ఆ చప్పుడుకి అరలోంచి మూత ఒకటి జారి కిందపడి చాలాసేపు గిరగిరా తిరిగింది. అంతకుముందు ఎప్పుడూ అలా పడలేదు. అక్క దాన్ని తీసి, కడిగి, గిన్నె మీద బోర్లించి పెట్టింది.

బావ వాళ్లమ్మ అవతలి ఊళ్లో ఉంటుంది. ఆవిడకు ఒంట్లో బాగాలేదంటే అక్క వెళ్లి నాలుగు రోజులుండి, మధ్యాహ్నం విమానంలో తిరిగొచ్చింది. దారిలో బజారు పని కూడా చూసుకుని, సంచులతో ఇల్లు చేరింది. ఆ రోజు నాకు సెలవు. వంటింట్లో టీ పెడుతున్నాను. ఇన్నాళ్ల అలకా మరిచిపోయి అక్క నాతో మాట్లాడింది. అంత హుషారుగా ఉంది.

“మనమ్మాయి ఎంత బాగా నడిపిందనుకున్నావు. పైనంతా మబ్బేనే. దాని కిందనుంచి, మన వీధిలోంచి వచ్చినట్టు తీసుకొచ్చేసింది. నువ్వూ మీ బావా ఊరికే హడలగొట్టారు. దిగాక రాత్రికి భోజనానికి రమ్మన్నాను. ఎర్ర రేకుల ఇల్లని మీ బావ చెప్తుంటారే, చూశాను దాన్ని. ఇంటి ముందు ఒకావిడ తీగ మీద బట్టలు తీస్తోంది. పసుపు దుప్పటి. నేను చెయ్యి ఊపాను కూడా. పాపం ఆవిడ దుప్పటి వదిలేసి, గోడ మీదికి వంగి మమ్మల్నే చూస్తోంది.”

బావ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. “వంగి అంటే?”

“వంగి అంటే వంగేనండీ. కిందికి. బావిలోకి తొంగి చూస్తామే, అలా.”

టీ పొంగి పొయ్యి మీద పడింది. నేను పొయ్యి ఆర్పలేదు.

“నేనెప్పుడూ పైనుంచి ఆ ఇంటి రేకు తప్ప ఇంకేమీ చూడలేదు,” అన్నాడు బావ మెల్లగా. “గోడ ఉందని కూడా నాకు తెలియదు.”

అక్క ముందు ఆయన్ని చూసింది, తర్వాత నన్ను. తను ఎక్కడ కూర్చుని చెయ్యి ఊపిందో అప్పటికి అర్థమైంది. సంచి పట్టుకుని ఉన్న చెయ్యి అలాగే ఉంది. “అది మళ్లీ వెళ్లిందండీ,” అంది. “సాయంత్రం విమానం తేవాలి కదా.”

పిడుగుకి చేస్తే ఫోన్ మోగలేదు. గాల్లో ఉంది. బావ ఆపరేషన్స్ గదికి ఫోన్ చేసి, అవతల దిగగానే ఆ పిల్లను తనతో మాట్లాడించమన్నాడు. డ్యూటీ ఆఫీసర్ మర్యాదస్తుడే. “మీరు విశ్రాంతిలో ఉన్నారు కదా సర్, ఎందుకీ టెన్షన్?” అన్నాడు. సీటు పోయిన మనిషి కడుపుమంట అనుకున్నాడని ఆ గొంతులోనే తెలుస్తోంది. అవతల విమానం దిగి, మనుషుల్ని ఎక్కించుకుని, పొద్దు ఉండగానే లేవాలన్న హడావుడిలో ఆ కబురు ఎవరి చెవినా పడలేదు. బావ మళ్లీ చేశాడు. అప్పటికి విమానం అక్కణ్నుంచి లేచింది.

నేను ఫోన్ లాక్కున్నాను. “షెడ్యూల్ సెక్షన్ నుంచి మాట్లాడుతున్నానండీ. ఆ విమానాన్ని సరస్సు మీదుగా రమ్మనండి. కనుమలోకి వద్దు.”

“కొండ వెనకాల రేడియో సరిగా అందదు మేడమ్. అందితే చెప్తాను. సరస్సు మీదుగా, అంతేనా?”

“అంతే.”

“ఆలస్యమవుతుంది మరి. కారణం ఏం రాయమంటారు?”

నాకు దుఃఖమూ కోపమూ ఒకేసారి వచ్చాయి. “నా పేరు రాయండి,” అన్నాను.

అందిందో లేదో ఆయన మళ్లీ చేసి చెప్పలేదు. మేం చేస్తే లైన్ కలవలేదు. బావ స్కూటర్ తాళం తీసుకుని మళ్లీ పెట్టేశాడు. అక్కడికి వెళ్లి చేసేదేముంది? పెరట్లోకి వచ్చాం. ఇంటి పక్క సందులో నిలబడితే ముందు తలుపు గొళ్లెమూ వినపడుతుంది, వంటింటి మూతలూ వినపడతాయి. బావ సరస్సు వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. నేను కొండ వైపు. కొండ కనపడటం లేదు. మబ్బు పక్కవీధి కరెంటు స్తంభాల దాకా వచ్చేసింది.

అక్క మాతో నిలబడలేకపోయింది. లోపలికి వెళ్లి, ఏ చప్పుడూ వినకుండానే, పొయ్యి వెలిగించి కూర గిన్నె ఎక్కించింది. నాలుగో కంచం పెట్టిన చప్పుడు వినిపించింది. ఆ పిల్ల తిండికి వస్తుంది, తినాలి అన్న పట్టుదల అందులో ఉంది.

బావ వాచీ చూసుకుంటున్నాడు. “నలభై రెండు,” అన్నాడు.

మూతలు మోగలేదు. గొళ్లెం మోగలేదు.

“మంచిదే,” అన్నాడు బావ. “కనుమలోంచి వస్తే ఈపాటికి నెత్తిమీద ఉండాలి. రాలేదంటే సరస్సు వైపు తిప్పిందన్నమాట. మాట అందింది.”

నాకు ప్రాణం లేచొచ్చింది. అవును, ఆలస్యం కావాలి. జీవితంలో మొదటిసారి ఒక విమానం ఆలస్యం కావాలని దేవుడికి మొక్కుకున్నాను. నేనూ కొండ వైపు చూడటం మానేసి సరస్సు వైపు తిరిగాను.

నలభై ఆరు అయింది. అది పోయిన టైంటేబుల్. “ఇంకా ఉంది,” అన్నాడు బావ. ఎవరో పిల్లలు వీధిలో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. వాళ్లు దూరం వెళ్లేదాకా ఊపిరి బిగబట్టాం.

యాభై అయింది. అక్క వసారాలోకి వచ్చి, గొళ్లెం కదులుతుందేమోనని అరచెయ్యి దాని కింద పెట్టి నిలబడింది. “ఇంకా రాలేదాండీ?” అంది.

“సరస్సు చుట్టూ తిరగాలి కదా. నేనూ అంతే తెచ్చేవాణ్ని,” అన్నాడు బావ. ఆయన గొంతు సంతోషంగా ఉంది. విమానంలో పిడుగు మొహం చూసి నవ్వినప్పుడు ఇలాగే ఉండి ఉంటుంది.

ఇంక మిగిలింది నేను ఉద్యోగంలో చేరిన రోజునాటి అంకె ఒక్కటే. ఒక్కో టైంటేబుల్‌కీ కోసేసిన నిమిషాలన్నీ వెతికి తెచ్చుకుని, ఒక్కొక్కటీ ఆ పిల్ల కోసం ఖర్చు పెట్టుకుంటూ నిలబడ్డాం. యాభై ఒకటి. యాభై రెండు. సరస్సు మీది గాలి చల్లగా మొహాలకు తగులుతోంది. అందులో ఏ మోతా లేదు. యాభై నాలుగు.

“యాభై ఐదు,” అన్నాడు బావ.

అక్క చెయ్యి గొళ్లెం కిందే ఉంది. బావ వాచీ మీంచి తల ఎత్తలేదు. దానికి ముందు ఎంత ఉండేది మరదలా, అని అడిగాడు. అంతకంటే పాత అంకె నా దగ్గర లేదు. వంటింట్లోంచి కూర మాడుతున్న వాసన వస్తోంది. ముగ్గురిలో ఎవరమూ లోపలికి వెళ్లలేదు.